గతుకుల మీద ముందు చక్రం దగ్గర టకటక: షాకబ్జర్లు మార్చినా ఎందుకు పోలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తొమ్మిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 80 వేల కిలోమీటర్లు దాటింది. చిన్న చిన్న గతుకుల మీద ముందు ఎడమ వైపు నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. విచిత్రంగా పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రాదు. ఒక వర్క్‌షాపులో ముందు షాకబ్జర్లు రెండూ మార్చారు. వారం పాటు చప్పుడు లేదు, తర్వాత మళ్లీ మొదలైంది. స్టీరింగ్‌లో మాత్రం చేతికి ఏమీ తెలియడం లేదు. ఇప్పుడు స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే పార్టు) మార్చాలంటున్నారు. వచ్చే నెల అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్లాలి, ఘాట్ రోడ్డు కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. స్టీరింగ్ రాక్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన లక్షణాలకు మొదటి అనుమానం స్టెబిలైజర్ లింక్ రాడ్ మీద. రెండోది షాకబ్జర్ టాప్ మౌంటింగ్ (షాకబ్జర్ పై కొసను కారు బాడీకి పట్టి ఉంచే రబ్బరు, బేరింగ్ ఉన్న పార్టు), లేదా షాకబ్జర్ మార్చినప్పుడు సరిగ్గా బిగించని పై నట్టు. మూడోది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే ఇనప చేయి) వెనక బుష్, అంటే రబ్బరు తొడుగు. ఈ మూడూ కలిపి మార్చినా స్టీరింగ్ రాక్ ఖర్చు కాదు. అయితే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ను మాత్రం ప్రయాణానికి ముందు తప్పకుండా చూపించండి. మీ చప్పుడుకు అది కారణం కాకపోవచ్చు. కానీ ఈ భాగాలన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది అదే.

నేను తెనాలి వైపు చిన్న వర్క్‌షాపు నడుపుతాను, ఎక్కువగా ఇంటి కార్లే వస్తాయి. కాలువ కట్టల రోడ్లు, దమ్ము చక్రాల ట్రాక్టర్లు చెక్కేసిన సిమెంట్ రోడ్లు, రైల్వే గేట్లు. సస్పెన్షన్ చప్పుళ్లకు మా ప్రాంతంలో కొదవ లేదు. కాబట్టి అనుమానం లింక్ రాడ్ మీదికి ఎందుకు వెళ్లిందో వివరంగా రాస్తాను. కారణం తెలిస్తే రేపు మెకానిక్ ముందు నిలబడి మీరే అడగగలుగుతారు.

మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన మాట "పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రాదు" అన్నది. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంటుంది, అదే స్టెబిలైజర్ బార్. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపడం దాని పని. దాని రెండు చివర్లనూ చక్రాల వైపు కలిపేవి లింక్ రాడ్లు. జానెడు పొడుగున్న సన్నటి కడ్డీ, రెండు కొసలకూ చిన్న బాల్ జాయింట్లు. స్పీడ్ బ్రేకర్ మీదికి తిన్నగా ఎక్కితే రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. బార్ మెలి తిరగదు, తన బుష్‌లలో తాను తిరుగుతుంది, అంతే. లింక్ రాడ్ మీద బరువు దాదాపు పడదు. అదే చిన్న గుంతలో ఎడమ చక్రం ఒక్కటే పడితే బార్ మెలి తిరుగుతుంది, లింక్ రాడ్‌ను ఒకసారి లాగుతుంది, మరుక్షణం నెడుతుంది. లోపల బాల్ అరిగి ఉంటే ఆ లాగుడు నెట్టుడుల మధ్య టక్‌మని కొడుతుంది. వరసగా గతుకులుంటే టకటకటక. షాకబ్జర్ పోయిన కారు దీనికి తిరగబడి ప్రవర్తిస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక రెండు మూడు సార్లు ఊగుతుంది, పెద్ద గుంతలో దబ్‌మని అడుగు తగులుతుంది. మీరు ఆ రెండూ చెప్పలేదు.

మరి షాకబ్జర్లు మార్చాక వారం పాటు ఎందుకు ఆగింది? చాలా చిన్న కార్లలో లింక్ రాడ్ పై కొస షాకబ్జర్ ఒంటికే బిగించి ఉంటుంది. షాకబ్జర్ ఊడదీయాలంటే లింక్ రాడ్ నట్టు విప్పాలి, తర్వాత మళ్లీ బిగించాలి. అలా బిగించినప్పుడు అరిగిన బాల్ వేరే కోణంలో కూర్చుంటుంది. కొన్ని రోజులు నిశ్శబ్దంగా ఉండి, మళ్లీ పాత చోటికే వస్తుంది. మీది ఇదే కథ అని నా గట్టి అనుమానం. ఇంకో సంగతి కూడా అడగండి: కొత్త షాకబ్జర్లతో పాటు టాప్ మౌంటింగులు మార్చారా, పాతవే పెట్టారా? ఖర్చు తగ్గించడానికి పాతవే పెట్టడం చాలాచోట్ల ఉంది. తొమ్మిదేళ్ల రబ్బరు కింద కొత్త షాకబ్జర్ పెడితే కొద్ది రోజులకే ఆ రబ్బరు సంగతి బయటపడుతుంది. బిల్లు తీసి చూడండి, మార్చి ఉంటే మౌంటింగ్ అని విడిగా రాసి ఉంటుంది.

ఇప్పుడు డబ్బు ఖర్చు లేకుండా మీరే చేసుకోగల పరీక్షలు. ఒక ఆదివారం పొద్దున, వీధి ఖాళీగా ఉన్నప్పుడు చేయండి.

మొదట డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పాన, స్టెప్నీ అన్నీ తీసి ఇంట్లో పెట్టి ఒక రౌండు వెళ్లి రండి. చెప్పడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, వెనక సస్పెన్షన్ అంతా మార్చుకుని కూడా చప్పుడు పోలేదని నా దగ్గరికి వచ్చిన ఒక కారులో స్టెప్నీ బోల్టు సగం బిగించి వదిలేసి ఉంది. టైరు పంక్చరైనప్పుడు ఎవరో తీసి, మళ్లీ పూర్తిగా బిగించలేదు. మీది ముందు వైపు చప్పుడే అయినా కారు లోపల శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి తేలిగ్గా మోసపోతుంది. ముందు సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కు తగిలినా "ముందు ఎడమ చక్రం" అనిపిస్తుంది. బ్యాటరీ క్లాంపు, ముందు నంబర్ ప్లేటు, ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవరు కూడా చేత్తో ఊపి చూడండి.

తర్వాత టైర్ల గాలి. చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసినంత పెట్టించండి. చిన్న కార్లకు అది మామూలుగా 30 పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉంటుంది. బంకులో అడక్కుండానే 38, 40 కొట్టేస్తుంటారు. టైరు అంత గట్టిపడితే ప్రతి చిన్న గతుకూ నేరుగా బుష్‌ల మీదికి వెళ్తుంది, లేని చప్పుళ్లు కూడా వినిపిస్తాయి.

మూడోది బ్రేకు పరీక్ష. చప్పుడు కచ్చితంగా వచ్చే గతుకుల ముక్కను ఎంచుకుని, గంటకు 15-20 కిలోమీటర్ల వేగంలో ఒకసారి మామూలుగా వెళ్లండి. రెండోసారి అదే చోట, అదే వేగంలో, ఎడమ కాలితో కాకుండా కుడి కాలితోనే బ్రేకును మెత్తగా నొక్కి ఉంచి వెళ్లండి. బ్రేకు నొక్కగానే చప్పుడు ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, బ్రేకు ప్యాడ్లలోనో, వాటిని నొక్కే క్యాలిపర్ పిన్నుల్లోనో లూజు. ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని పట్టి ఉంచే పల్చటి స్టీలు క్లిప్పులు పారేసే అలవాటు కొందరికి ఉంది. ఆ క్లిప్పు లేకపోతే ప్యాడు తన గూట్లో ఊగుతూ అచ్చం లింక్ రాడ్ లాగే టకటకలాడుతుంది. ఒక టాక్సీ డ్రైవరు ఇదే చప్పుడుతో లింక్ రాడ్లు, లోయర్ ఆర్ములు అన్నీ మార్చుకుని వచ్చాడు. రెండు క్లిప్పులు వేస్తే పోయింది.

నాలుగోది స్పీడ్ బ్రేకర్ పరీక్ష. ఒకే స్పీడ్ బ్రేకర్ మీద మొదట తిన్నగా, బాగా నెమ్మదిగా వెళ్లండి. తర్వాత కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం విడిగా ఎక్కేలా వెళ్లండి. తిన్నగా వెళ్తే రాని చప్పుడు ఏటవాలుగా వెళ్తే వస్తే లింక్ రాడ్, లేదా బార్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే డీ బుష్‌లు. రెండు రకాలుగానూ వస్తే మౌంటింగ్ వైపు, లోయర్ ఆర్మ్ బుష్ వైపు అనుమానం మళ్లించాలి.

ఐదోది కారు కదలకుండా చేసేది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంట్లో ఎవరినైనా స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పమనండి. మీరు బయట నిలబడి చక్రం పై సందులోంచి స్ప్రింగు మీద అరచేయి ఆనించండి. వేళ్లు మాత్రం స్ప్రింగు చుట్ల మధ్యకు పోనివ్వద్దు. బేరింగ్ బాగుంటే స్ప్రింగు స్టీరింగుతో పాటు నున్నగా తిరుగుతుంది. టాప్ మౌంటింగ్ బేరింగ్ పట్టేసి ఉంటే స్ప్రింగు కాసేపు కదలకుండా మెలి పడి, ఒక్కసారిగా టంగ్‌మని జారుతుంది. ఆ కుదుపు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఇది తెలిశాక మరో పరీక్ష అక్కర్లేదు, మౌంటింగ్ మార్చాల్సిందే.

బంపర్ నొక్కి ఊపి చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. పూర్తిగా చచ్చిపోయిన షాకబ్జర్‌ను మాత్రమే అది పట్టిస్తుంది. సగం పోయినదాన్ని పట్టించదు. దాని మీద ఆధారపడకండి.

ఇక చప్పుడు తీరును బట్టి కొన్ని సంగతులు. మన మెకానిక్కుల దగ్గర దీన్ని నోటితో అనుకరించి చెప్పడానికి మొహమాటపడకండి, సగం పని అక్కడే అయిపోతుంది.

బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి, మళ్లీ కదిలినప్పుడు ఒక్కసారి దబ్ మంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్. ఆగి ఉన్న కారును మెల్లగా రివర్స్‌లో కదిలించి బ్రేకు, ముందుకు కదిలించి బ్రేకు, ఇలా రెండు మూడు సార్లు చేస్తే దొరికిపోతుంది. క్లచ్ వదిలినప్పుడు, ఇంజిన్ ఆపినప్పుడు వచ్చే గుద్దు మాత్రం ఇంజిన్ మౌంటింగ్ది. ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు కోసి తిరుగుతున్నప్పుడు కటకటకట అని చక్రం వేగానికి తగ్గట్టు వస్తే అది వీల్ యాక్సిల్ జాయింట్, సస్పెన్షన్ కాదు. సాధారణంగా రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటుంది. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు మరకలు చూస్తే తెలుస్తుంది.

హైవే మీద గుయ్‌మని మోత వచ్చి, వేగంతో పాటు పెరిగితే టైరో, వీల్ బేరింగో. కుడికి తిరుగుతున్నప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి.

కిర్రు కిర్రుమనే చప్పుడు, ముఖ్యంగా మెల్లగా స్పీడ్ బ్రేకర్ ఎక్కుతున్నప్పుడు వస్తే ఎండిపోయిన రబ్బరు బుష్. దీనికి తేలికైన పరీక్ష నీళ్లే. స్ప్రే బాటిల్‌తో ఒక్కో బుష్ మీద విడివిడిగా కొట్టి, ప్రతిసారీ కారు ఊపి చూడండి. ఏ బుష్ తడపగానే చప్పుడు ఆగిందో దొంగ అదే. వాన పడ్డ రోజు చప్పుడు లేదు, ఎండ కాయగానే మొదలైంది అంటే ఇదే సంగతి. ఆ బుష్ మీద డీజిలు, ఇంజిన్ ఆయిలు, మామూలు గ్రీజు మాత్రం పూయకండి. వాటర్ సర్వీసింగ్ చేసేచోట కడిగాక కింద అంతా డీజిలో, పాత ఆయిలో కొట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆ రోజుకు చప్పుడు పోతుంది, కస్టమర్ సంతోషిస్తాడు. కొన్నాళ్లకు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పొరలుగా ఊడుతుంది. పూయాల్సి వస్తే సిలికాన్ గ్రీజు ఒక్కటే. సర్వీసింగుకు ఇచ్చేటప్పుడే "కింద ఆయిల్ కొట్టొద్దు" అని చెప్పండి.

ఒక పక్క కారు కాస్త కిందికి దిగినట్టుండి, ఎప్పుడో ఒకసారి టింగ్ మంటుంటే స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉండొచ్చు. విరిగిన ముక్క స్ప్రింగు ఆనే గిన్నెలోనే కూర్చుని ఉంటుంది కాబట్టి పైనుంచి కనబడదు. సముద్రం పక్క ఊళ్లలో తిరిగే కార్లకు ఉప్పుగాలి వల్ల ఇది తొందరగా వస్తుంది. విశాఖ నుంచి వచ్చే పాత కార్లకు నేను ముందు స్ప్రింగు కింది చుట్టే చూస్తాను. విరిగిన కొస టైరును కోసే ప్రమాదం ఉంది, దాన్ని వాయిదా వేయకూడదు.

ఇప్పుడు వర్క్‌షాపులో జరగాల్సిన పని. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, చాలామంది మెకానిక్కులు కూడా దీన్ని పట్టించుకోరు.

లింక్ రాడ్‌ను ఒక చక్రం జాకీ మీద లేపి చూడకూడదు. ఎడమ చక్రం ఒక్కటే లేపితే అది కిందికి వేలాడుతుంది, కుడి చక్రం నేల మీదే ఉంటుంది. అంటే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ స్థితిలో ఎంత ఊపినా లూజు బయటపడదు. "లింక్ రాడ్ బాగానే ఉందండీ" అంటారు. మీ కారుకూ ఇలాగే జరిగి ఉండొచ్చు. చూడాల్సిన పద్ధతి ఏమిటంటే, కారు నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండాలి. సర్వీసు గుంత మీదో, చక్రాలు ఆనే ర్యాంపు మీదో నిలిపి, కింద నుంచి లింక్ రాడ్‌ను గుప్పిట్లో పట్టుకుని జాయింటు దగ్గర గట్టిగా ఊపాలి. అప్పుడు టక్ టక్ మని చేతికి తెలుస్తుంది. లేదా రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తుకు లేపి చూడాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే రెండు వైపులా లింక్ రాడ్లు పూర్తిగా తీసేసి, బార్ దేనికీ తగలకుండా తీగతో కట్టి, అదే వీధిలో 20 కిలోమీటర్ల వేగం దాటకుండా ఒక చుట్టు కొట్టి రావాలి. చప్పుడు లేకపోతే జవాబు దొరికినట్టే. లింక్ రాడ్లు లేకుండా కారు మలుపుల్లో బాగా ఒరుగుతుంది. కాబట్టి ఇది పరీక్షకు మాత్రమే, మెయిన్ రోడ్డు ఎక్కకూడదు.

తర్వాత చక్రం ఊపే పరీక్షలు. ఇక్కడ మాత్రం జాకీ మీద లేపాలి, జాకీ లోయర్ ఆర్మ్ కింద కాకుండా ఛాసిస్ కింద ఉండాలి, తోడుగా స్టాండు కూడా పెట్టాలి. చక్రాన్ని ఎడమ, కుడి అంచులు పట్టుకుని ఊపితే కనిపించే ప్లే, అంటే లూజు, స్టీరింగును చక్రానికి కలిపే జాయింట్లది: టై రాడ్ ఎండ్ది లేదా రాక్ ఎండ్ది. పైన, కింద పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ది లేదా వీల్ బేరింగ్ది. ఈ రెండింట్లో ఏదో తేల్చాలంటే ఒకరిని బ్రేకు గట్టిగా నొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. ప్లే పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగించే హబ్బు, దాన్ని మోసే నకిల్ ఒకటై పోతాయి, బేరింగ్ లూజు కనబడకుండా పోతుంది. ఇంత చిన్న కిటుకు చాలా అనవసర ఖర్చు తప్పిస్తుంది.

మీ శ్రీశైలం ప్రయాణం విషయానికి వస్తే, బాల్ జాయింట్ గురించి కాస్త చెప్పాలి. తుంటి ఎముక గిన్నెలో తిరిగినట్టు, ఒక ఇనప గుండు గిన్నెలో తిరుగుతూ చక్రం అడుగు భాగాన్ని లోయర్ ఆర్మ్‌కు పట్టి ఉంచుతుంది. మీలాంటి చిన్న కార్లలో ముందు వైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి, అంటే కారు బరువంతా షాకబ్జర్, స్ప్రింగుల మీదుగా దిగుతుంది. బాల్ జాయింట్ మీద బరువు పడదు కాబట్టి చాలా అరిగేదాకా చప్పుడు చేయకపోవచ్చు. కానీ గుండు గిన్నెలోంచి ఊడిందంటే చక్రం అడ్డంగా పడిపోతుంది, స్టీరింగ్ మన చేతిలో ఉండదు. డొంక రోడ్డులో, నడక వేగంలో ఇలా చక్రం పడిపోయిన కారును నేను తెచ్చుకుని బాగు చేశాను. అందులో ఒక కుటుంబం ఉంది. అదే శ్రీశైలం దారిలో, దోర్నాల దాటాక ఘాట్‌లో అయితే ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తుంది. అందుకే చక్రం వేలాడదీసి, లోయర్ ఆర్మ్‌కూ నకిల్‌కూ మధ్య టామీ రాడ్డు పెట్టి పైకీ కిందికీ లేపి చూడమనండి. కంటికి కనిపించే కదలిక ఏ కొంచెం ఉన్నా మార్చేయండి. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజులో మట్టి చేరి ఉంటే, ప్లే లేకపోయినా మార్చేయండి. మట్టి చేరిన జాయింట్ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్, విరిగిన స్ప్రింగు: ఈ నాలుగింట్లో ఏది తేలినా బాగు చేయించే వరకు కారు తీయకండి. లింక్ రాడ్, డీ బుష్ అయితే చప్పుడు బాధే తప్ప వెంటనే ప్రమాదం లేదు. అయినా ఘాట్ మలుపుల్లో బార్ పని చేయాలి కాబట్టి వెళ్లేముందే మార్పించండి. టాప్ మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్ మధ్యస్థం. ఊళ్లో కొన్నాళ్లు తిరగొచ్చు, దూర ప్రయాణం పెట్టుకోకూడదు.

పార్టు మార్చేటప్పుడు దగ్గర ఉండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త పార్టు వేసినా మూడు నెలలకే మళ్లీ చప్పుడు వచ్చే కార్లలో ఎక్కువ శాతం ఇక్కడే పాడవుతాయి.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల సంగతి మొదట. కారు గాల్లో ఉండగా ఆ బోల్టుల్ని చివరి బిగింపు బిగించకూడదు. బుష్ లోపలి ఇనప గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలి పడుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరుకు అదే సహజ స్థితి అయిపోతుంది. కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలి పడి, నిలబడి ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. ప్రతి గతుకుకూ ఇంకా మెలి పడి తొందరగా చిరిగిపోతుంది. చేత్తో బోల్టులు పెట్టి, కారు దింపి, కాస్త ఊపి, చక్రాల మీద నిలబడి ఉండగా పూర్తిగా బిగించాలి. గుంత మీద నిలిపి ఈ పని సులువుగా చేయొచ్చు. ర్యాంపు ఒక్కటే ఉంటే ఆర్మ్ కింద జాకీ పెట్టి, మామూలు ఎత్తుకు లేపి బిగించాలి. "అంత అవసరం లేదు సార్" అంటే ఒప్పుకోకండి.

ఆర్మ్ మొత్తం కొత్తది వేయాలా, బుష్‌లు మాత్రం మార్చాలా? బాల్ జాయింట్ విడిగా రాని మోడళ్లలో తొమ్మిదేళ్ల కారుకు ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు, బుష్‌లు, జాయింట్ అన్నీ కొత్తవి వచ్చేస్తాయి. బుష్ మాత్రమే మార్చేటట్టయితే ప్రెస్ ఉన్నచోట వేయించండి. సుత్తితో కొట్టి వేస్తే బుష్ అంచు వంగిపోతుంది. మా వైపు వాళ్లు ఇందుకు విజయవాడ ఆటోనగర్‌కు పంపుతారు, మీ ఊళ్లో మంచి లేత్ షాపులో అయినా ప్రెస్ ఉంటుంది. వెనక బుష్‌కు దిశ ఉంటుంది, రబ్బరులో ఖాళీలు ఎటు చూడాలో పాతది తీసేముందే గుర్తు పెట్టుకోవాలి.

షాకబ్జర్ పై నట్టును గాలి గన్నుతో ఠపఠపా బిగిస్తే లోపలి కడ్డీ కూడా నట్టుతో పాటు తిరుగుతుంది. బిగిసినట్టు అనిపిస్తుంది, బిగియదు. అలెన్ కీతో కడ్డీని పట్టుకుని పానతో బిగించాలి. మీ కారులో మళ్లీ చప్పుడు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. బానెట్ తీసి, మౌంటింగ్ మీది రబ్బరు మూత ఎత్తి, ఈ నట్టు ముందు చూడమనండి. పైసా ఖర్చు లేని పని. అలాగే కొత్త షాకబ్జర్ పెట్టె లోంచి తీసిన వెంటనే బిగించకూడదు. అడ్డంగా పడుకోబెట్టి ఉంచడం వల్ల లోపల గాలి చేరి ఉంటుంది. నిలువుగా పట్టుకుని మూడు నాలుగు సార్లు పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగితే గాలి పైకి పోతుంది. లేకపోతే మొదటి రోజు నుంచే బుడుక్ బుడుక్‌మని వస్తుంది, "కొత్తదే పాడైంది" అనుకుంటారు.

లింక్ రాడ్లు, మౌంటింగులు, షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చండి. పాత లింక్ రాడ్ నట్టు తుప్పుతో రాకపోతే కోసి తీయడమే, నష్టం లేదు. లింక్ రాడ్లు మార్చాక అలైన్‌మెంట్ అక్కర్లేదు. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, షాకబ్జర్ మారిస్తే మాత్రం తప్పనిసరి. షాకబ్జర్లు మార్చినప్పుడు మీకు అలైన్‌మెంట్ చేశారో లేదో బిల్లులో చూడండి. చేయకపోతే టైర్లు ఒక అంచు అరిగిపోతాయి.

స్టీరింగ్ రాక్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. రాక్ చప్పుడైతే చెవికి వినపడడంతో పాటు స్టీరింగ్ చక్రంలో చేతికి తెలుస్తుంది. ఇంజిన్ ఆన్‌లో, కారు నిలిపి ఉంచి, స్టీరింగ్‌ను రెండు మూడు వేళ్ల వెడల్పున కుడికీ ఎడమకూ చకచకా ఊపండి. కటకట వినిపించి, చేతికి గీరుకుంటున్నట్టు అనిపిస్తే అప్పుడు రాక్ బుష్‌నో, మధ్య షాఫ్టు జాయింటునో అనుమానించాలి. అదీ రాక్ మొత్తం కాదు, చాలాసార్లు అందులో చిన్న భాగమే. మీరు స్టీరింగ్‌లో ఏమీ తెలియడం లేదనే రాశారు. ఆ పార్టు ఖరీదు లింక్ రాడ్లకు ఎన్నో రెట్లు. లూజు ఎక్కడుందో మీ చేత పట్టించి చూపించకుండా రాక్ మార్చమనేవాళ్ల మాట వినకండి.

వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు మెకానిక్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, చప్పుడు వచ్చే రోడ్డు మీదికి తీసుకెళ్లి వినిపించండి. తర్వాత ఈ వరసలో చేయమనండి: పై నట్టు, బ్రేకు క్లిప్పులు, నాలుగు చక్రాల మీద ఉండగా లింక్ రాడ్లు, టాప్ మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్. ఒక్కొక్కటీ చూశాక మళ్లీ అదే రోడ్డు మీద వినాలి. ఒకేసారి నాలుగు పార్టులు మారిస్తే చప్పుడు పోవచ్చు, కానీ ఏది కారణమో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. తీసిన పాత పార్టులు మీరే తెచ్చుకోండి. పాత లింక్ రాడ్ జాయింటును వేలితో అటూ ఇటూ తిప్పి చూడండి. అరిగినదైతే కాయితం బరువంత కూడా ఆపకుండా వాలిపోతుంది, కొత్తదాన్ని రెండు చేతులతో గట్టిగా తిప్పితే గానీ కదలదు.

ప్రయాణానికి కనీసం వారం ముందు ఈ పనులు చేయించి, మధ్యలో ఒకసారి యాభై అరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఆ తర్వాత చక్రాల నట్లు, విప్పిన ప్రతి బోల్టూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడమనండి. ఏం తేలిందో ఇక్కడ రాయండి. ముఖ్యంగా ఏటవాలు స్పీడ్ బ్రేకర్ పరీక్షలో ఏమైందో, బ్రేకు నొక్కితే చప్పుడు మారిందో లేదో రాస్తే, లింక్ రాడ్ కాకపోయినా తర్వాత ఎటు వెతకాలో చెప్పగలను.